పది దినములలో

నేను చదువుకొన్నది ఇంటిలోనే. మా తండ్రిగారియొద్ద భారత భాగవతములును, పిదప బాలవ్యాకరణమును చదివితిని. ఇంగ్లీషు మాత్రము పెండ్లియై హిందూపురము వచ్చిన తరువాత, ఉపాధ్యాయులైన మావారివలన అబ్బిన కొద్దిపాటి. ఆ కొద్దిపాటి యెంతపని చేసినదో వినుడు.

పెనుకొండలో మా అత్తగారికి జబ్బు హెచ్చినది. మా బావగారి కూతురు అమెరికాలో పుట్టి పెరిగినది; తెలుగు మాటలాడును గాని చదువనేరదు. "పది దినములలో రమ్ము" అని తలంచి, "కమ్ ఇన్ టెన్ డేస్" అని సెల్‌ఫోనున వ్రాసి పంపితిని. ఆ పిల్ల సరిగా పదియవనాడు దిగినది. ఎనిమిదవనాడే అత్తగారికి మాట పడిపోయినది. మనుమరాలి చేయి పట్టుకొని కన్నీరు కార్చిరేగాని పేరుపెట్టి పిలువలేకపోయిరి. "నీవు వ్రాసిన నాటికే వచ్చితిని గదా చిన్నమ్మా!" అని పిల్ల యేడ్చుచుండ నాకు నోట మాట రాలేదు.

మన "లో" అనగా గడువు తీఱులోపల నెప్పుడైనను సరియే. ఇంగ్లీషున "ఇన్ టెన్ డేస్ రమ్ము" అన్నచో పది దినములు గడచిన పిమ్మట రమ్మనియే సాధారణముగా గ్రహింతురు. నేను వ్రాయవలసినది "వితిన్". తేదీయో వారమో చెప్పునప్పుడు అదియు పనికిరాదు. శుక్రవారములోగా అనుటకు మనలో పలువురు "వితిన్ ఫ్రైడే" అందురు. "బై ఫ్రైడే" అనవలెనట.

మన విభక్తులు నామమునకు వెనుక నడచును, వారివి ముందు నడచును. అంతమాత్రమే భేదమనుకొంటిని. ముందువెనుకలు మార్చినంతమాత్రమున అర్థము కుదురదు.

మొన్న ధర్మవరమునకు పోవుచు, మనము "రైలులో" కూర్చుండగా వారు "ఆన్ ది ట్రెయిన్" అననేల, కారునకు "ఇన్" ఏల యని మావారి నడిగితిని. లేచి నడువ వీలైన బండికి "ఆన్", ఒదిగి కూర్చుండవలసినదానికి "ఇన్" అనిరి. "సైకిలునకును ఆన్ అందురు గదా, దానిమీద నడచువారెవరు?" అంటిని. మావారు కిటికీనుండి పెనుకొండ దుర్గమును చూడసాగిరి.

"మ్యారీడ్ విత్" అనుటయు తప్పేనట, "టు" అనవలెనట. ఇది నాకు సులభముగా పట్టుపడినది. సీతను రామున కిచ్చి పెండ్లిచేసిరని మనమును అందుము గదా!

ధర్మవరములో ఆ పిల్లకొక పట్టుచీర తీసితిమి. ఆమె నాయనమ్మ మంచము విడువక పెనుకొండలోనే యున్నది. ఆదివారము తిరుగు ప్రయాణము. చీర "బై సాటర్‌డే" చేరునని వ్రాసి, దాని క్రింద తేదీని అంకెలలో గూడ వేసితిని.