పరుగుపందెమున మొదటి అడుగు

మా విద్యార్థులు మమ్ము తరచుగ అడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టారూ! పందెములో అందరికంటె ముందుగా లేచుట ఎట్లండీ?" అని వారందురు. వేగముగ పరుగెత్తుట ఎట్లని అడుగువారు తక్కువ. ముందుగ లేచుట ఎట్లని అడుగువారే ఎక్కువ. నూరు మీటర్ల పందెము కన్ను మూసి తెరచునంతలో ముగియును గనుక, మొదట వెనుకబడినవాడు మరల అందుకొనజాలడని వారి భయము. ఆ భయము కొంత నిజమే. శిక్షణ కళాశాలలో మేము నేర్చినదియు, ఇరువది యేండ్లుగ ఈ నగరం గ్రామమున పిల్లలను పరుగెత్తించుచు కనిపెట్టినదియు కలిపి ఇచ్చట వ్రాయుచున్నాము.

1896వ సంవత్సరమున ఏథెన్సు నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు పలువురు నిలువుగ నిలిచియే పరుగు మొదలిడిరి. అమెరికా దేశీయుడగు థామస్ బర్క్ మాత్రము చేతులు నేల కానించి, వంగి కూర్చుండి లేచెను. అతడే 12 సెకనులలో నూరు మీటర్లు పరుగెత్తి గెలిచెను. అటుపిమ్మట వంగి లేచుట క్రమముగ అందరికిని అలవాటయ్యెను. కాలు జారకుండుటకై పరుగుకాండ్రు చిన్న తాపీ వంటి పనిముట్టుతో నేలను గుంటలు త్రవ్వుకొనెడివారు. చైనాలో మిషనరీ దంపతులకు జన్మించి, 1924లో పారిస్ నగరమున 400 మీటర్ల పందెము గెలిచిన ఎరిక్ లిడెల్ కాలమున అదియే ఆచారము. పాదములు ఆనించు దిమ్మలు ఒలింపిక్ క్రీడలలో మొదట వాడబడినది 1948లో లండను నగరమున.

మా పిల్లలకు దిమ్మలు లేవు. వారు నేటికిని మడమతో గుంట చేసికొందురు. మా నేల గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి గనుక, వానలు వెలిసి ఆరిన పిదప గుంట చక్కగ నిలుచును. సముద్రపు దరి ఊళ్లలో ఇసుక నేల; అచ్చట నీళ్లు చల్లి, అదిమి, గుంట చేసికొనవలెను.

ఇక పద్ధతి చెప్పెదము. ముందరి పాదము గీటునకు ఇంచుమించు రెండు పాదముల దూరమునను, వెనుకటి పాదము మూడు పాదముల దూరమునను ఉండవలెను. చేతులు భుజముల వెడల్పున గీటునకు ఇవతల ఆనించి, వెనుక మోకాలు నేలపై నుంచవలెను. "సెట్" అన్నంతట నడుమును భుజములకంటె కొంచెము ఎత్తునకు లేపి, అచ్చటనే కదలక నిలువవలెను. ధ్వని వినబడగనే రెండు పాదములతోను నేలను వెనుకకు బలముగ త్రోయవలెను. తొలి అడుగులు చిన్నవిగను, దేహము ముందునకు వాలియు ఉండవలెను. ప్రక్కవాడు ఎచ్చట నున్నాడో చూచుటకు తల యెత్తినవాని దేహము వెంటనే నిటారగును. అతని బలము ముందునకు పోక మీదికి పోవును.

ఈ ధర్మము మనుష్యుని కాలికి మాత్రమే చెందినది కాదు. ఇసుకలోను బురదలోను పరుగెత్తు నాలుగు చక్రముల క్వాడ్ బండ్లకు విదేశములలో పందెములు జరుగుచుండును. ఆ బండి తోలువాడు తొందరపడి యంత్రబలమునంతయు ఒక్కసారిగ వదలెనేని, వెనుక చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరిగి మన్ను చిమ్మును. లేదా ముందరి చక్రములు పైకి లేచును. నేర్పరి యగువాడు తన దేహమును ముందునకు వంచి, క్లచ్చిని కొలతగ వదలుచు, చక్రము నేలను పట్టగలిగినంత బలమునే దానికిచ్చును. పిల్లవాని పాదమైనను, బండిచక్రమైనను, నేల పట్టు దొరికినంతవరకే ముందునకు పోగలదు.

తరువాతిది చెవిపని. ధ్వని సెకనుకు రమారమి 340 మీటర్లు పోవును. ఎనిమిదిమంది నిలిచిన వరుసలో మొదటివానికిని చివరివానికిని ఎనిమిదిన్నర మీటర్ల ఎడముండును. ఈల వేయువాడు ఒక కొనను నిలిచెనేని, ఆవలి కొననున్నవాడు సెకనులో నలుబదియవ వంతు ఆలస్యముగ వినును. అందుచేతనే పెద్ద పోటీలలో ప్రతివాని వెనుకను ధ్వనియంత్రము నుంచుదురు. మేము వరుస నడుమకు వెనుకగ, కొంచెము దూరమున నిలిచి ఈల వేయుదుము. అప్పుడు ఈ భేదము చాలవరకు తగ్గును.

విని కదలుట ఒకటి. ఇప్పుడు మ్రోగునని ఊహించి కదలుట వేరొకటి. ధ్వనియైన పిదప పదియవ వంతు సెకనైనను గడువకమునుపే కదలినవాడు దానిని విని కదలలేదనియే నియమము నిశ్చయించుచున్నది. 2010వ సంవత్సరము మొదలుకొని పెద్ద పోటీలలో ఒక్క తప్పునకే తొలగింపు. 2009లో బెర్లిన్ నగరమున ఉసేన్ బోల్ట్ 9.58 సెకనులలో నూరు మీటర్లు పరుగెత్తెను. ఆనాడు ధ్వని విని కదలుట కతనికి 0.146 సెకను పట్టెను. అతనికంటె ముందు కదలినవారు ఆ వరుసలోనే యుండిరి. ఆ బోల్టే 2011లో డేగు నగరమున ధ్వనికి ముందే లేచి, ఒక్క అడుగైనను పరుగు లెక్కకు రాకుండ తొలగింపబడెను.

2022వ సంవత్సరాంతమున మా ఎనిమిదవ తరగతి బాలు డొకనికి ఇదియే సంభవించెను. అతని తండ్రి కొబ్బరి దింపు తీయు కూలి. ఒకనాటి కూలి మానుకొని కుమారుని పరుగు చూడవచ్చెను. బాలుడు ఈలకు ముందే లేచెను. వానిని ప్రక్కకు పొమ్మనిరి. తండ్రి యేమియు ననలేదు. తువ్వాలు భుజమున వేసికొని, కుమారుని చెప్పులు చేతబట్టుకొని గట్టున నిలిచియుండెను. కోపపడినను ఆ బాలుడు ఓర్చియుండెడివాడు. ఆ మౌనమునకు ఓర్వలేక ఏడ్చెను.

మరునాటి నుండి మేము వానికి వేగము నేర్పుట మాని, నిలుకడ నేర్ప మొదలిడితిమి. "సెట్" అన్న పిదప ఒకసారి ఒక సెకను, ఒకసారి రెండు సెకనులు ఆగి ఈల వేయుచుంటిమి; ఒక్కొక్కసారి ఈల వేయక అందరిని లేపివేయుచుంటిమి. ఊహకు తావు లేకపోగా చెవియే మిగిలెను. పిమ్మట ప్రక్కనున్న బాలునితో ముందుగ చెప్పి, ఈలకు ముందే వానిని లేవనిచ్చుచుంటిమి. వాడు లేచినను మనవాడు లేవకుండవలెను. ఇది అన్నిటికంటె కష్టమైన పాఠము.

దాని కష్టమెంతటిదో 2023 అక్టోబరు 1వ తేదీన చైనాలోని హాంగ్‌చౌ నగరమున ఆసియా క్రీడలలో అందరును చూచిరి. మన విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పందెమున నిలిచినపుడు, చైనా దేశపు పరుగుకత్తె ధ్వనికి ముందే కదలెను, జ్యోతియు కదలెను. మొదట ఇరువురిని తొలగించిరి. ఆక్షేపణ చెప్పుకొనగా ఇరువురిని పరుగెత్తనిచ్చిరి. జ్యోతి 12.91 సెకనులలో మూడవదిగ వచ్చెను. పిదప చైనా యువతి ఫలితమును రద్దుచేసి, జ్యోతికి వెండి పతకమిచ్చిరి. అంతటి కలతలో మరల గీటు వద్దకు వచ్చి, మనస్సు కుదుర్చుకొని పరుగెత్తుట సామాన్యమా? ఆ వార్తను మేము తరగతిలో చెప్పినపుడు ఆ బాలుడు మాటాడక వినెను.

ఆ యేడాది పోటీలో వాని ప్రక్కనున్నవాడు ఈలకు ముందే లేచెను. ఆ వెంట మరియొకడును లేచెను. మావాడు వ్రేళ్లు నేల నుండి యెత్తలేదు. మరల పందెము మొదలై ముగియునప్పటికి వాడు మూడవవాడుగ వచ్చెను. వానికంటె వేగము గలవా రిద్దరు నిజముగనే గెలిచిరి. తండ్రి ఆనాడును గట్టున నుండెను. "మూడోవాడేనండీ, కాని ఈసారి పరుగు చూశానండి" అని మాతో ననెను.

విద్యార్థులారా! ప్రశ్నపత్రము పూర్తిగ చదువకమునుపే వ్రాయ మొదలిడువారిని మేము ప్రతి పరీక్షలోను చూచుచున్నాము. వారికిని, ఈలకు ముందు లేచువారికిని భేదము లేదు. తలిదండ్రులారా! మీ బిడ్డ ప్రక్కవానికంటె ముందు లేవలేదని చింతింపకుడు. గీటు వద్ద నిలిచి వినుట నేర్చినవాడు తన కాళ్లలో నున్నంత వేగమును తప్పక చూపగలడు. రాబోవు ఆటల దినమున గట్టుమీద మీరును, వరుస వెనుక మేమును కలిసి దానిని చూతము.