బర్తన్ల మెషీను పరేషానీ

రెండేళ్ల కిందట అమ్మీ మోకాళ్ల నొప్పులు చూడలేక డిష్‌వాషర్ కొన్నాను. అమ్మీకి అది మొదట్నుంచీ నచ్చలేదు. "బర్తన్లు చేత్తో తోమితేనే సాఫ్ అవుతాయి బేటా" అనేది. అయినా ఈద్‌కి చుట్టాలొస్తే మాత్రం "మా వాడు తెచ్చాడు" అని పిలిచి మరీ చూపించేది.

మొన్న ఆదివారం చెల్లెలి అత్తగారింటి వాళ్లకి దావత్ ఇచ్చాం. బిర్యానీ, దాల్చా, డబుల్ కా మీఠా. దస్తర్‌ఖాన్ ఎత్తేసరికి సింకు నిండిపోయింది. మర్నాడు ఫజర్ చదివి వంటింట్లోకి వెళ్తే మెషీను జుయ్‌మని మోగుతోంది. తలుపు తీస్తే లోపల చుక్క నీళ్లు లేవు. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాను. ఏ ప్రోగ్రామూ నొక్కకముందే మళ్లీ అదే మోత. ప్లగ్గు పీకి, పావుగంట ఆగి పెట్టినా అంతే. వాడిన నీళ్లు బయటికి తోడే పంపు అది. తోడటానికి నీళ్లే లేవు, అయినా తోడుతూనే ఉంది.

నా గుస్సా సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని అరిచాను. షక్ మా పెద్దవాడి మీదికి పోయింది. బటన్లు నొక్కడమంటే వాడికి సరదా. "నేను కాదు అబ్బా" అన్నాడు. నమ్మలేదు. వాడు నాష్టా సగంలో వదిలేసి స్కూలుకి వెళ్లిపోయాడు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే గురువారం దాకా రాలేనన్నాడు. "బోర్డు పోయుంటుంది సార్" అని చూడకుండానే ఫైసలా కూడా చెప్పేశాడు. బోర్డంటే వేలల్లో మాట.

రాత్రి ఇషా తర్వాత హిమ్మత్ చేసి నేనే కూర్చున్నాను. ముందు అడుగున ఉన్న జాలీ తీసి చూశాను, శుభ్రంగానే ఉంది. నీళ్లు పోయే పైపు చూశాను. అది మరీ కిందికి వేలాడితే లోపలి నీళ్లు వాటంతటవే జారిపోతాయట, కానీ అప్పుడు మోటారు మోత ఉండదు. ఇక్కడ మోగుతున్నదే మోటారు. ఇక నీళ్లొచ్చే కుళాయి కట్టేసి చూశాను. అయినా ఆగలేదు. అంటే బయటినుంచి నీళ్లు చేరుతున్నాయని కాదు. మెషీనుకే ఏదో భయం పట్టుకుంది.

ప్లగ్గు పీకేసి, కింది పట్టీ స్క్రూలు విప్పి టార్చి వేశాను. మెషీను అడుగున ఒక తట్ట ఉంటుంది. అందులో ఒక తెల్లటి థర్మాకోల్ ముక్క, దానికి చిన్న స్విచ్. ఎక్కడైనా లీకై నీళ్లు తట్టలోకి చేరితే ఆ ముక్క తేలుతుంది, స్విచ్ పడుతుంది. అప్పుడు మెషీను కొత్త నీళ్లు తీసుకోవడం ఆపి, ఇల్లు మునగకుండా పంపు నడిపిస్తుంది. తమాషా ఏమిటంటే ఆ పంపు తోడేది బర్తన్లు పెట్టే అర లోపలి నీళ్లని. తట్టలో నీళ్లు దానికి అందవు. అందుకే ఎంత తోడినా తట్ట ఖాళీ కాదు, ఎంతసేపైనా మోత ఆగదు. ఖరాబైనది ఏదీ లేదు. పాపం, పహరా కాస్తోంది.

తట్టలో వేలెడు లోతు నీళ్లున్నాయి. వేలు ముంచితే జిగటగా తగిలింది, నిమ్మకాయ వాసన. మెషీనులో వేసే పౌడర్‌కి ఆ వాసన లేదు. తలెత్తితే గుమ్మంలో తస్బీహ్ పట్టుకుని అమ్మీ.

"ఖసూర్ నాది బేటా. బచ్చాని ఏమీ అనకు."

పౌడర్ అయిపోయిందట. అందరూ పడుకున్నారు, ఇంకా గిన్నెలు మిగిలాయని చేత్తో తోమే సబ్బు నీళ్లు రెండు చెంచాలు పోసిందట. మామూలు సబ్బు ఆ నీళ్ల విసురుకి నురగలై పొంగుతుంది. తలుపు కింది సందులోంచి బయటికొచ్చి తట్టలోకి కారింది. నేల మీదికి వచ్చిన నురగని అర్ధరాత్రి ఆ మోకాళ్లతోనే వంగి పాత దుపట్టాతో తుడిచిందట.

"నన్ను లేపొచ్చుగా అమ్మీ?"

"నువ్వు అరుస్తావని."

ఏం జవాబు చెప్పను? ఏ మోకాళ్ల కోసం మెషీను కొన్నానో, నా నోటికి భయపడి ఆ మోకాళ్లే నేల తుడిచాయి. మెషీను కన్నా ముందు మరమ్మత్తు కావాల్సింది నాకే అనిపించింది.

స్పాంజీతో తట్టలో నీళ్లన్నీ పీల్చి, గుడ్డతో ఆరబెట్టాను. థర్మాకోల్ ముక్క కిందికి దిగింది. ప్లగ్గు పెడితే మోత లేదు. నురగ పోయేదాకా ఖాళీగా రెండుసార్లు కడిగించి, కింద కాగితం పరిచి చూశాను. తడవలేదు. మళ్లీ తడిసుంటే పైపు బిగింపులో, తలుపు రబ్బరులో వెతకాల్సి వచ్చేది. తట్ట పొడిగా ఉండి కూడా పంపు ఆగకపోతే అప్పుడు స్విచ్, బోర్డు. అది మెకానిక్ పని.

పడుకున్న పెద్దవాణ్ని లేపి మాఫీ అడిగాను. నిద్రలోనే "సరే అబ్బా" అని అటు తిరిగాడు. పొద్దున వాడికిష్టమైన ఖీమా పరాఠా నేనే తెచ్చాను.

నిన్న అమ్మీ చేతిలోంచి గాజు గిన్నె జారి పగిలింది. నేను హాల్లో ఉన్నాను. "బేటా, గిన్నె పగిలింది, చెప్పులేసుకుని రా" అని తనే పిలిచింది. అల్‌హమ్దులిల్లాహ్.