నాయన రేడియో



పోయిన నెలలో మా అరుగు మీద పాత వాల్వు రేడియో విప్పి పెట్టుకొని కూర్చుంటే, దారిన పోయేవాళ్ళు "అయ్యగారు కొత్త పని పట్టినారే" అని నవ్వినారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు చెప్పాలనిపించింది. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆ రేడియో మా నాయనది. ఆదోనిలో జిన్నింగు మిల్లు పని చేసి సాయంత్రం ఇంటికొస్తే, తల మీద దూది కూడా దులుపుకోకుండా ముందు దాని నాబు తిప్పేవాడు. సీషెల్స్ దీవుల నుంచి ఫెబా రేడియో షార్ట్ వేవ్‌లో తెలుగు సువార్త కార్యక్రమాలు ఇచ్చేది. హిందూ మహాసముద్రం అవతలి నుంచి ఆ గొంతు అలల్లాగా పెరుగుతూ తగ్గుతూ వచ్చేది. అది వచ్చే చోట నాయన డయల్ అద్దం మీద పెన్సిల్‌తో చిన్న గీత గీసుకున్నాడు. 2003లో ఆ ప్రసారాలు ఆగిపోయినాయి. గీత మాత్రం అట్లాగే ఉంది.

నాయన 2009లో ప్రభువు దగ్గరికి వెళ్ళాడు. రెండేళ్ళకు క్రిస్మస్ పండుగకు అందరం ఎమ్మిగనూరులో అన్న ఇంట్లో కలిశాం. రేడియో అప్పుడు అక్కడే ఉండేది. పిల్లలు వింటారని అన్న ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. గుయ్‌మని ఒక పెద్ద శబ్దం, కాలిన మైనం వాసన, తర్వాత ఏమీ లేదు. వదిన ముందు, పిల్లల ముందు నేను అన్నాను: "నాయన ప్రాణంగా చూసుకున్న దాన్ని ఒక్క నిమిషంలో నాశనం చేసినావు గదా." ఆ రాత్రే రేడియోను దుప్పట్లో చుట్టుకొని ఆదోని బస్సెక్కాను. తర్వాత పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడ్డాం. "బాగుండావా", "బాగుండాను". అంతే. 10 ఏళ్ళు దాటిపోయాయి.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు రేడియో రిపేరీ అంగడి నడిపినవాడు, ఇప్పుడు చూపు తగ్గింది. ఆయన కూర్చొని చెప్తుంటే నేను చెయ్యడం అని ఒప్పందం. మొదట ఆయన నేర్పింది భయం. ప్లగ్గు పీకేసినా కండెన్సర్‌లో 200 ఓల్టుల పైన కరెంటు నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్ ఆనించి దాన్ని దింపేసి, మీటరు పెట్టి చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి.

ఫిల్టరు కండెన్సర్ గురించి ఆయన చెప్పింది మన ఊరివాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. కుళాయి నీళ్ళు వచ్చి పోతుంటాయి గదా, ఇంటి మీద ట్యాంకు ఉంటే కింద ధార ఆగకుండా వస్తుంది. అట్లాగే రెక్టిఫైయర్ దాటిన కరెంటు సెకనుకు 100 సార్లు ఎగిరి పడుతుంటే, దాన్ని సమం చేసేది ఈ కండెన్సర్. దాని లోపలి తడి ఆరిపోతే ట్యాంకుకు చిల్లి పడినట్టే. ఆ ఎగుడుదిగుడే స్పీకర్‌లో గుయ్‌మంటుంది. మాది 16 మైక్రోఫారడ్లవి రెండు కలిపి ఉన్న అల్యూమినియం డబ్బా. పైకి కొత్తదానిలాగే మెరుస్తోంది. వాడకుండా దాచిపెట్టినాం గదా, ఎట్లా పాడవుతుంది అన్నాను.

"అయ్యగారూ, వాడకపోతేనే ఇంకా తొందరగా చెడిపోతాది. లోపల రేకు మీద సన్నని పొర ఒకటి ఉంటాది. అప్పుడప్పుడూ కరెంటు తగిలితేనే అది నిలుస్తాది" అన్నాడు.

కొత్తవి ఆదోనిలో దొరకలేదు. సుగ్గికి బెంగళూరు పోయిన మన సంఘపు పిల్లవాడొకడు ఎస్.పి. రోడ్డులో వెతికి, 22 మైక్రోఫారడ్లు, 450 ఓల్టులవి తెచ్చిపెట్టాడు. మొదటిదాన్ని నేను ప్లస్ మైనస్ తారుమారు చేసి పెట్టబోతే, చూపు సరిగ్గా లేని ఆ పెద్దాయనే నా చెయ్యి పట్టుకున్నాడు. అట్లాగే పెట్టి ఉంటే పేలేదట.

అన్నీ మార్చేద్దామని నా తొందర. ఆయన ఒప్పుకోలేదు. అభ్రకంతో చేసినవి బాగానే ఉంటాయి, ముట్టుకోవద్దన్నాడు. స్టేషన్లు తిప్పే గ్యాంగ్ కండెన్సర్ రేకుల మధ్య ఉన్నది గాలే, దుమ్ము దులిపితే చాలన్నాడు. (పాతవాళ్ళనందరినీ మార్చేయాలని సంఘ కమిటీలో అనేవాళ్ళు ఈ మాట విని ఉంటే బాగుండేది. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.)

అసలు సంగతి వాల్వు దగ్గర బయటపడింది. స్పీకర్‌ను నడిపే ఈఎల్ 84 వాల్వు పోయింది. ఆయన రేకుడబ్బాలో అదే నంబరుది పాతదొకటి ఉంటే పెట్టాం. కండెన్సర్లు ఇంకా కొన్ని మార్చాల్సి ఉన్నా, చూద్దామని గుండు బల్బు ఒకటి వరుసలో కలిపి కరెంటు ఇచ్చాం. వాల్వు గ్రిడ్ దగ్గర మీటరు సున్నా చూపాలి, 12 ఓల్టులు చూపింది. చూస్తుండగానే లోపలి ప్లేటు ఎర్రబడసాగింది. వెంటనే ప్లగ్గు పీకేశాం.

"వాల్వుది తప్పు కాదు. దాని ముందున్న ఆ బుల్లి కండెన్సర్ చూడండి" అన్నాడు. మైనం కాగితం, రేకు కలిపి చుట్టిన చిన్న గొట్టం, వేలెడంత కూడా లేదు. పాటను ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకు దాటనిచ్చి, వెనకున్న పెద్ద ఓల్టేజీని దాటనివ్వకుండా కాపలా కాయడం దాని పని. కాగితం చెమ్మ పట్టి అది కారిపోతోంది. కారేది అది, కాలిపోయేది పక్కనున్న వాల్వు.

"మా అన్న ఒకేసారి స్విచ్చి వేయడం వల్ల కాదా?" అని అడిగాను.

"ఎవరు వేసినా ఇదే జరిగేది. ఇది ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదయ్యగారూ. అంతకుముందే గొంతు గరగరలాడి ఉంటాది, పెట్టె వేడెక్కి ఉంటాది. మీ ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

గమనించాం. నేనే గమనించాను. నాయన చివరి సంవత్సరం నా దగ్గరే ఉన్నాడు. "గొంతు గీరుకుపోతాంది రా, కాలిన వాసన వస్తాంది, ఒకసారి మెకానిక్కుకు చూపించు" అని మూడుసార్లైనా అడిగాడు. సభలున్నాయి, మీటింగులున్నాయి, వచ్చే వారం నాయనా అన్నాను. ఆ వచ్చే వారం రాలేదు. సామాన్లు పంచుకున్నప్పుడు రేడియో అన్నకు పోయింది, లోపలి జబ్బుతో సహా. అన్నకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు అందరి ముందు ఆ మాట అన్నాను.

బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి, మొదట వెళ్ళి సహోదరునితో సమాధానపడమని ప్రభువు కొండ మీద చెప్పిన మాట మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో మీకు తెలుసు. ఆ ప్రసంగాలు చేసిన ఏళ్ళన్నీ రేడియో మా బీరువా మీద దుప్పట్లోనే ఉంది.

కొత్త కండెన్సర్‌కు ఒక కాలు అతికించాను, రెండోది అతికించలేదు. సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకి, చొక్కా మార్చుకొని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

అన్న గడపలో నిలబడి, ఎవరైనా పోయినారా అని అడిగాడు. మేము ఒకరింటికొకరు అట్లాంటి కబురుకే వెళ్తున్నాం మరి. లోపలికి పోయి, కూర్చోకముందే చెప్పాను. నాయన అడిగింది, నేను వాయిదా వేసింది, అంతా. వదిన జొన్నరొట్టెలు తట్టడం ఆపి నిలబడింది. అన్న చాలాసేపు మాట్లాడలేదు.

"నువ్వు తిట్టినావని కాదురా" అన్నాడు చివరికి. "నాయనది నా దగ్గర ఉన్నది అదొక్కటే. అది కూడా ఎత్తుకొని పోయినావు."

దానికి నా దగ్గర జవాబు లేదు. తప్పయిపోయింది అన్నాను. వదిన ఇద్దరికీ రొట్టె పెట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అన్న మా ఇంటికొచ్చాడు. రెండో కాలు ఆయన పట్టుకుంటే నేను అతికించాను. పెద్దాయన మీటరు అంకె చదివించుకొని సున్నా అని విన్నాక తల ఊపాడు. స్విచ్చి అన్ననే వేయమన్నాను. వేయనన్నాడు, మళ్ళీ చెప్తే వేశాడు. వరుసలో ఉన్న బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. కాసేపటికి మీడియం వేవ్‌లో కన్నడం గొంతు ఒకటి, గుయ్‌మనకుండా, శుభ్రంగా వచ్చింది.

అన్న బ్యాండు మార్చి, ముల్లును మెల్లగా నాయన పెన్సిల్ గీత మీదికి తెచ్చాడు. అక్కడ ఏ స్టేషనూ లేదు, సముద్రం హోరు లాంటి చప్పుడొకటే ఉంది. ఇద్దరం దాన్నే వింటూ కూర్చున్నాం. భోజనానికి రమ్మని లోపలి నుంచి రెండుసార్లు పిలిచారు.

రేడియో ఇప్పుడు ఎమ్మిగనూరులో ఉంది.