నారాయణఖేడ్‌లో పెద్ద పైపుల కోత

సంగారెడ్డి జిల్లా వాయవ్య భాగంలో, కర్ణాటకలోని బీదర్ జిల్లాకు చేరువగా ఉన్న నారాయణఖేడ్, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు మెదక్ జిల్లాలో భాగంగా ఉండేది. పత్తి, కంది పండే ఈ ప్రాంతపు రైతులు బోరుబావులపై ఆధారపడటం వల్ల, బోరు గోడలు కూలకుండా దించే కేసింగు గొట్టాలకూ, పొలానికి నీరు చేరవేసే పీవీసీ పైపులకూ ఇక్కడ నిత్యం పని ఉంటుంది. ఇంటి ముందరి రేకుల పందిరినే కార్ఖానాగా మార్చుకున్న చోట, 160 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం గల పైపును పెద్ద యంత్రమేదీ లేకుండా అడ్డంగా తిన్నగా ఎలా కోస్తారో సందర్శకులు గమనించవచ్చు.

చిన్న పైపును ఒకే ఊపులో కోసినట్టు పెద్దదాన్ని కోయడం కుదరదు. ఎందుకంటే హ్యాక్సా బ్లేడు అడుగు పొడవున్నా, దానిని బిగించిన చట్రపు వీపు పైపుకు తగిలి కోతను మధ్యలోనే ఆపేస్తుంది. అందువల్ల ముందుగా పైపు చుట్టూ గీత గీస్తారు. ఇందుకు అంచు తిన్నగా ఉన్న పాత క్యాలెండరు కాగితాన్నో ఫ్లెక్సీ ముక్కనో పైపుకు బిగుతుగా చుడతారు. చుట్టుకొలత దాదాపు 503 మిల్లీమీటర్లు కనుక, రెండు కొసలూ ఒకదానిపై ఒకటి పడేందుకు కాగితం అంతకంటే పొడవుగా ఉండాలి. అలా కలిసినచోట అంచులు సరిగ్గా ఒకటైతే ఆ అంచు పైపు పొడవుకు లంబంగా ఉన్నట్టు. ఏమాత్రం వంకరగా చుట్టినా ఒక అంచు పక్కకు జరిగి తప్పును వెంటనే పట్టిస్తుంది.

కోత కూడా గీతను అనుసరించి చుట్టూ సాగుతుంది. అంగుళానికి 24 లేదా 32 పళ్లున్న సన్నపళ్ల బ్లేడుతో గీతపై ముందు లోతు తక్కువ గాడి తీసి, పైపును కొద్దికొద్దిగా తిప్పుతూ గాడిని పూర్తి వలయంగా కలిపిన తరువాతే గోడ మందమంతా తెగేలా కోస్తారు. గాడి దారి చూపడం వల్ల బ్లేడు పక్కకు జారదు. వేగంగా తిరిగే గ్రైండరును వాడితే రాపిడి వేడికి పీవీసీ మెత్తబడి కరిగి అంచుకు అతుక్కోవడమే కాక, హానికరమైన పొగ కూడా వెలువడవచ్చు.

కోసిన అంచును మూలమట్టంతో, అంటే లంబకోణాన్ని సరిచూసే పనిముట్టుతో, పరీక్షించి, లోపలి పొట్టును అర్ధవృత్తాకారపు ఆకురాయితోనూ, వెలుపలి అంచును ఏటవాలుగా ఉప్పుకాగితంతోనూ నున్న చేస్తారు. ఏటవాలు లేని పదునైన అంచు, వాడుకలో సొల్యూషన్ అనే అతుకు ద్రవాన్ని, పైపు కొస దూరే సాకెట్టు లోపలి నుంచి గీకి ముందుకు నెట్టేస్తుంది; వంకర అంచు సాకెట్టు అడుగుకు పూర్తిగా ఆనదు. ఈ రెండు లోపాలూ అతుకును బలహీనపరచి, నీటి ఒత్తిడి పెరిగినప్పుడు నీరు కారడానికి దారితీస్తాయి.

కోత తిన్నగా రావడం రంపం కంటే గీతపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది కనుక, ఈ పనికి కొత్తవారు ముక్కుకు మాస్కు కట్టుకుని, వృథా ముక్కపై సాధన చేసి, మూలమట్టం సరేనన్న తరువాతే అసలు పైపును కోయడం మేలు.