ట్యాంకుకి సబ్బు

జనగామ దాటాక టీ కోసం ఆగాను. పక్కనే ఒక పాత ట్రాక్టర్. డీజిల్ ట్యాంకు అడుగున, అతుకు దగ్గర, చుక్క చుక్కగా కారుతోంది.

డ్రైవర్ కుర్రాడు కిరాణా కొట్టుకెళ్ళి "అక్కా, ఒంటి సబ్బొకటియ్యి" అన్నాడు.
"గీడనే తానం చేస్తవా తమ్మీ?" అందావిడ.

సబ్బుని పిసికి ముద్ద చేసి చీలికలోకి గట్టిగా రుద్దాడు.
కారడం ఆగిపోయింది!

సబ్బు నీళ్ళలో కరుగుతుంది గానీ డీజిల్‌లో, పెట్రోల్‌లో కరగదు. అంతే కిటుకు. డీజిల్ ఓడుతున్న రేకు మీద ఎం-సీల్ సరిగ్గా పట్టదు, సబ్బు పడుతుంది. వానొస్తే కొట్టుకుపోతుందనుకోండి. వెల్డింగ్ షాపుదాకా చేరితే చాలు.
(ట్యాంకు వెల్డింగ్ ఇంకో భయం. డీజిల్ తీసేసినా లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. బాగా కడగందే మంట చూపించకూడదు.)

కొత్త బండ్ల సంగతి వేరు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్లు దాదాపు పోయి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. పొగ తగ్గింది, మంచిదే. పాతకాలం భజన నేను చేయను. కానీ నా బండి మీటర్లో ఆ పసుపు ఇంజిన్ బొమ్మ వెలిగితే మెకానిక్ కూడా ముందు స్కానర్ తగిలించాల్సిందే. నేనైతే ఎక్కడ చెయ్యి పెట్టాలో కూడా తెలీక నిలబడతాను.

ఆ కుర్రాడికి కంగారన్నదే లేదు. మిగిలిన సబ్బు జేబులో వేసుకుని టీ చెప్పాడు.
కాస్త కుళ్ళుకున్నాను, నిజం.

మీరు చూసిన రోడ్డు పక్క వైద్యాలు చెప్పండి. తెగిన క్లచ్ కేబుల్‌కి కరెంటు వైర్ల కనెక్టర్ బిగించి ఇల్లు చేరినవాళ్ళు ముందు రండి 😄