తప్పు జవాబుకూ విలువున్న ల్యాబ్

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ. కాలేజీ పేరు రాయొద్దని ఫిజిక్స్ మేడం ముందే మాట తీసుకున్నారు. ల్యాబ్ అంటే పొడవాటి బల్లలు, తలుపులు సరిగా పడని రెండు బీరువాలు, గోడకు ఒక చార్టు. నేను వెళ్లింది ఆ చార్టు కోసమే. ‘ఏడాది చివరికి మీకు చేతకావాల్సినవి’ అని పైన స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. కింద పాఠాల పేర్లు వెతికితే ఒక్కటీ లేదు. లెక్క మొదలుపెట్టకముందే జవాబు సుమారు ఎంతుంటుందో చెప్పాలట. వస్తువు మీద పనిచేసే బలాలన్నీ బాణాలుగా గీసి, ఏ బాణం దేనివల్ల వచ్చిందో చెప్పాలట. కొలిచిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చో పక్కనే రాయాలట.

“న్యూటన్ నియమాలు అర్థం చేసుకుంటరని రాస్తే, అయిందో కాలేదో నేనెట్ల చూడాలె సార్? బాణాలు గీయమంటే గీస్తరు, లేకుంటే గీయరు. కండ్లకు కనబడుతది” అన్నారు మేడం.

ఆ రోజు ఎంపీసీ పిల్లలకు లఘు లోలకం ప్రయోగం. కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరమ్మాయిలు. స్టాండుకు బిగించిన కార్కు చీలికలోంచి దారం, దాని చివర ఇత్తడి గుండు. కార్కు నుంచి గుండు మధ్య దాకా 100 సెంటీమీటర్లు. ఒకమ్మాయి గుండును కాస్త పక్కకు లాగి వదిలింది, రెండో అమ్మాయి స్టాప్‌వాచ్ నొక్కింది. ఇరవై డోలనాలకు 38.1 సెకన్లు. లెక్క కడితే గురుత్వ త్వరణం 10.88 వచ్చింది. ఇద్దరి మొహాలూ చిన్నబోయాయి. వెనక బల్ల అబ్బాయికి అప్పటికే నిక్కచ్చిగా 9.8 వచ్చేసింది. మన కాలేజీల రికార్డుల్లో భూమి ఆకర్షణ ఎప్పుడూ పొల్లుపోదు కదా!

మేడం ఆ 9.8 దగ్గర ఆగలేదు. నేరుగా అమ్మాయిల దగ్గరకే వచ్చారు. “కొట్టేయకుండ్రి. అట్లనే ఉంచి, ఎందుకొచ్చిందో పక్కన రాయుండ్రి.”

“పొడవు తప్పు కొలిచినమేమో మేడం.”

“ఎంత తప్పు కొలిస్తే ఇంత తేడా వస్తది?”

లెక్క వేశారు. దాదాపు 10 సెంటీమీటర్లు తప్పి ఉండాలి. మళ్లీ స్కేలు పెట్టి చూస్తే పొడవు సరిగానే ఉంది. పోనీ, వాచ్ ఆలస్యంగా నొక్కారా? మనిషి చెయ్యి తడబడేది సెకనులో ఐదో వంతు. ఇక్కడ కావాల్సింది రెండు సెకన్లు. అక్కడే ఇద్దరిలో ఒకమ్మాయి ఒక్కసారి తలెత్తింది. “మేడం, రెండు సెకన్లంటే ఒక డోలనం!” మళ్లీ గుండు వదిలి పైకి లెక్కపెట్టమన్నారు మేడం. వదులుతూనే ‘ఒకటి’ అంది. ‘సున్నా’ అనాల్సిన చోట. అంటే లెక్కలోకి వచ్చింది పందొమ్మిదే. సరిచేసి కొలిస్తే 40.2 సెకన్లు, జవాబు 9.77. మన అక్షాంశం దగ్గర అసలు విలువ 9.78 చుట్టుపక్కలే ఉంటుంది. పుస్తకంలోని 9.8 దాన్ని సర్ది రాసిన అంకె.

వెనక బల్ల అబ్బాయిని ఒక్కటే అడిగారు: “ఎన్నిసార్లు కొలిచినవ్ రా?” వాడు నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత చాక్‌పీస్ పైకెగరేసి, పైన ఆగిన క్షణంలో దానిమీద ఏ బలం ఉందని అడిగారు. గాలి సంగతి పక్కన పెట్టమన్నారు. ఏ బలమూ లేదని సగం మంది, చేతి బలం ఇంకా కొంచెం మిగిలుంటదని కొందరు. కిందికి లాగే భూమి ఆకర్షణ ఒక్కటే అన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. పల్లెటూరి పిల్లలని తీసిపారేయక్కర్లేదు. అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్ బృందం లెక్కలు చేసే పని లేకుండా, బలం గురించి ఇలాంటి ప్రశ్నలే గుచ్చి ఒక పరీక్ష తయారుచేసింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ దాన్ని తన విద్యార్థులకు పెట్టి కంగుతిన్నారు. లెక్కలు గబగబా చేసేవాళ్లే అందులో తడబడ్డారు. ఆయన ఉపన్యాసం తగ్గించి, పక్కవాడితో వాదించి ఒప్పించమనే పద్ధతి పట్టారు, 1997లో దానిమీద పుస్తకం కూడా రాశారు. మేడం చేయించిందీ అదే. పది నిమిషాలు క్లాసు సంతలా ఉంది. మళ్లీ చేతులెత్తమంటే లెక్క తారుమారైంది.

ఇక ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ సంగతి అడక్క తప్పలేదు. 160 ప్రశ్నలు, మూడు గంటలు, అందులో ఫిజిక్స్‌వి 40. ప్రశ్నకు నిమిషం చిల్లర. ఆ హడావుడిలో 10.88 గురించి ఆలోచించే తీరిక ఎవరికి? “తల్లిదండ్రులు నన్నూ అదే అడుగుతరు. సిలబస్ నేనూ పూర్తి చేస్త. కానీ సూత్రం ఎక్కడ వాడొద్దో తెలిసినోడు ఎప్‌సెట్‌ల గూడ తప్పు ఆప్షన్ మీద చెయ్యి పెట్టడు” అన్నారు. ఈ మాట ఆమె అన్నంత సులువుగా నిజమవుతుందని నాకు నమ్మకం లేదు. బట్టీతో ర్యాంకులు వస్తూనే ఉన్నాయి. అయితే ఆ ర్యాంకుతో ఇంజినీరింగ్‌లో చేరినవాడు కొలిచిన అంకెను అనుమానించడం అక్కడ కొత్తగా నేర్చుకోడు. అది నేర్పాల్సిన చోటు ఈ ఇంటర్ ఫిజిక్స్ కోర్సే.

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్‌కు 30 మార్కులు. వాటిని వేసే లెక్చరర్లకు ఒక మనవి: రికార్డులో 9.8 కనబడగానే టిక్కు పెట్టేయకండి. ఆ అంకెకు ముందు వచ్చిన అంకెలేవో చూపించమనండి. వాటికీ మార్కులు వేయండి.