తెలిసిన దారి

జపాను దేశంలో క్యోటో నగరానికి దక్షిణాన ఉజి అనే ఊరున్నది. అది తేయాకుకు పేరుపడిన ఊరు. అక్కడి బ్యోడోయిన్ అనే పురాతన బౌద్ధాలయం బొమ్మ జపానువారి పది యెన్ల నాణెం మీద కనిపిస్తుంది. ఇప్పుడు పిల్లలు ఈ ఊరికి మరొక దానికోసం కూడా వెళుతున్నారు. అదే నింటెండో మ్యూజియం.

నింటెండో కంపెనీ 1889లో క్యోటోలో పుట్టింది. ఆ రోజుల్లో అది పువ్వుల బొమ్మలుండే పేకముక్కలు తయారు చేసేది. 1969లో ఉజిలో ఒక ఫ్యాక్టరీ కట్టింది. ఆ ఫ్యాక్టరీయే 2024 అక్టోబరులో మ్యూజియంగా మారింది.

ఒసాకాలో ఉండే మా అక్కయ్యను చూడడానికి వెళ్ళినప్పుడు నేనూ, మా అమ్మా, పదేళ్ళ మా మేనల్లుడూ ఈ మ్యూజియం చూశాము. ఒగురా స్టేషనులో రైలు దిగి కొద్ది నిమిషాలు నడిస్తే చాలు. లోపల ఒక్కొక్కరికి పది నాణేలు ఇచ్చినట్టు లెక్క. ఆట ఆడినప్పుడల్లా అందులోనుంచి కొన్ని తగ్గుతాయి.

పాత వీడియో ఆటలు ఆడే చోట 1985లో వచ్చిన "సూపర్ మారియో బ్రదర్స్" ఉన్నది. మా మేనల్లుడు ఇంట్లో ఈ ఆట ఆడి ఆడి ఆరితేరాడు. వాడి మారియో మొదటి దశ దాటి జెండా కొయ్య చేరడం కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. తరువాత అమ్మ కూర్చున్నది. పుట్టగొడుగులాంటి చిన్న జీవి ఒకటి ఎదురు వచ్చి తగిలింది. మారియో చచ్చాడు. మూడుసార్లూ అంతే!

"నీకు రాదులే అమ్మమ్మా, ఇటివ్వు," అన్నాడు వాడు. అమ్మ చిన్నబుచ్చుకుని లేచిపోయింది.

ఇద్దరూ నడిచిన దారి ఒకటే గదా, మరి ఇంత తేడా ఎందుకు? ఆ దశకు ఆటలోని గడియారం 400 నుంచి లెక్క మొదలుపెడుతుంది. అవి సెకండ్లు కావు. మొత్తం సుమారు 2 నిమిషాల 40 సెకండ్లవుతుంది. ఆరితేరినవారు అర నిమిషంలోనే ముగిస్తారు. కొత్తవాడు ప్రతిచోటా ఆగి, ఇదేమిటి, ఏం చెయ్యాలి, ఏ మీట నొక్కాలి అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పాతవాడి వేలు ప్రశ్న పుట్టకముందే కదులుతుంది. అదీగాక, ఒక గొట్టంలోకి దిగితే నేలమాళిగ గుండా జెండా దగ్గరికి అడ్డదారి ఉన్నదని వాడికి తెలుసు.

ఈ ఆటను తయారు చేసిన షిగెరు మియామోటో బృందానికి ఈ సంగతి తెలుసు. వాళ్ళు తరువాతి దశలు తయారు చేశాకనే ఈ మొదటి దశను కూర్చారట. ఆటలో పండిపోయినవాళ్ళు మళ్ళీ ఏమీ తెలియనివాళ్ళలాగా ఆలోచించాలి! చివర మెట్ల గుట్టలు చూడండి. ముందు రెండు గుట్టల మధ్య నేల ఉంటుంది. పడినా ప్రమాదం లేదు. ఆ తరువాతి రెంటి మధ్య అగాధమే! ముందు అభ్యాసం, తరువాత పరీక్ష.

అభ్యాసంతో కాలం తగ్గుతుంది గాని, ఎప్పుడూ ఒకేలాగా తగ్గదు. కొత్తలో నిమిషాలు తగ్గుతాయి. పోను పోను సెకండులో చిన్న భాగం తగ్గడమే గగనమవుతుంది. ఈ ఆటలో 32 దశలున్నాయి. రహస్య మార్గాల వల్ల 8 దశలు ఆడితే చాలు. అలా మొత్తం ఆటను 4 నిమిషాల 55 సెకండ్ల లోపల ముగించడం 2021లోగాని ఎవరికీ సాధ్యం కాలేదు.

మ్యూజియంలో ఇద్దరు కలిసి ఆడవలసిన పెద్ద మీటల పలకలున్నాయి. వాటి ముందు మనిషి చిన్నవాడైపోతాడు. అమ్మా, మేనల్లుడూ చెరొక పక్క నిలబడ్డారు. ఎప్పుడు గెంతాలో వాడికి తెలుసు, కాని మీట మీద చెయ్యి పడేసరికి ఆలస్యమవుతున్నది. వాడి వేళ్ళు నేర్చినదేదీ అక్కడ పనికిరాలేదు.

"ఇప్పుడు నీదీ నాదీ ఒకటే ఈడురా!" అని అమ్మ నవ్వింది. వాడు సిగ్గుపడి, ఆవిడతోపాటు నవ్వేశాడు.

ఆ రాత్రి ఇంట్లో వాడే ఆట పెట్టి అమ్మమ్మను కూర్చోబెట్టాడు. ఈసారి మీటలు లాక్కోలేదు, తొందరపెట్టలేదు. ఆవిడ ఎన్నోసార్లు చచ్చి, చివరకు జెండా కొయ్య పట్టుకున్నప్పుడు గడియారంలో కొద్ది అంకెలే మిగిలాయి. వాడు తానే గెలిచినంతగా చప్పట్లు కొట్టాడు.

"ఇంకొకసారి పెట్టరా," అన్నది అమ్మ. "ఇప్పుడు దారి తెలిసిందిగా!"